గుహలలోని గృహస్థులు: మతేరా పట్టణ వృత్తాంతము

సంస్కృతమున గుహ, గృహము అను రెండుమాటలును చెవికి దగ్గరిచుట్టములవలె వినబడును గాని వాని పుట్టుక వేఱు. దాచుట యను అర్థముగల ధాతువునుండి గుహ పుట్టినది. పట్టుకొనుట, స్వీకరించుట యను అర్థముగల ధాతువునుండి గృహము పుట్టినది. గుహ మనుష్యుని లోకమునకు కనబడకుండ దాచును. గృహము ధాన్యమును, అతిథిని, పుట్టిన బిడ్డను లోనికి గైకొనును. మన పూర్వులు ఈ రెంటిని వేర్వేరు ఆశ్రమములకు విడదీసిరి. గుంటుపల్లి కొండలో తొలిచిన బౌద్ధవిహారములను చూచినవారికి గుహ యనగానే భిక్షువు తలపునకు వచ్చును. ఆలుబిడ్డలతో, పశువులతో, గింజల పాతరతో గుహయందు కాపురముండుట మన యూహకు సులభముగా అందదు.

అయినను అట్టి కాపురములు లోకమున లేకపోలేదు. స్పెయినుదేశమున గ్వాదిష్ పట్టణమునందును, తురుష్కదేశమున కప్పదోకియా సీమయందును, చైనాదేశమున పసుపుమన్ను పేరుకొనిన పీఠభూమియందును జనులు తరతరములుగా కొండను, నేలను తొలిచి యిండ్లు చేసికొనిరి. వీనిలో నెల్ల మనవంటి సంస్కరణాభిలాషులు మిగుల శ్రద్ధతో చదువదగినది ఇటలీదేశపు దక్షిణభాగమున, బసిలికాతా మండలమునందలి మతేరా పట్టణ చరిత్ర. 1952వ సంవత్సరమున ఆ దేశపు ప్రభుత్వము అచ్చటి గుహాగృహములను మనుష్యులకు తగనివని నిర్ణయించి చట్టముచేసి ఖాళీచేయించెను. 1993వ సంవత్సరమున యునెస్కో సంస్థ అవే గుహాగృహములను మానవజాతి కంతకును చెందిన నిధులలో నొకటిగా ఎన్నుకొనెను. రాయి అదియే, గది అదియే; నలువదియొక్క యేండ్లలో తీర్పుమాత్రము తలక్రిందులయ్యెను. ఈ రెండు తీర్పులలో ఏ యొకదానిని గాని చెప్పినవారు ఆ గుహలలో పుట్టి పెరిగినవారు కారు. ఈ వ్యాసమునకు ప్రేరణ మదియే.

బారి రేవుపట్టణమునకు నైరృతిదిక్కున సుమారు 65 కిలోమీటర్ల దూరమున మతేరా కలదు. సన్నపట్టాలమీద నడచు చిన్నరైలు బారినుండి యాత్రికుని అక్కడికి చేర్చును. దిగినతోడనే గుహలు కనబడవు. వెడల్పైన వీథులు, అంగళ్లు, రాతిమేడలు, చర్చిగోపురములు, ఇటలీలో మఱియే పట్టణమందైనను కనబడునవియే ఇచ్చటను కనబడును. మేడలవరుస దాటి పిట్టగోడయొద్ద నిలిచి క్రిందికి చూచినప్పుడు మాత్రము రెండవ పట్టణ మొకటి కన్నులబడును. కొండయంచునుండి లోయవఱకు ఇండ్ల ముఖములు ఒకదానిమీద నొకటి యెక్కియున్నవి. ప్రతి ముఖమునకు వెనుక కొండకడుపులోనికి పోయిన గది కలదు. ఒకరి యింటికప్పు మఱియొకరికి వాకిలి. ఇంకొకచో అదియే బాట. ఈ భాగమునకు సాస్సి యని పేరు. రాయి యను నర్థముగల లాటిను మాటనుండి పుట్టిన ఇటాలియను మాటకు ఇది బహువచనము. ఊరివారు తమ వాడను 'రాళ్లు' అని పిలిచికొనిరన్నమాట.

సాస్సి రెండు పేటలు. ఉత్తరమున నున్నది సాస్సో బరిసానో. దక్షిణమున నున్నది సాస్సో కవెయోసో. రెంటినడుమ చివితా యను మిట్టమీద పదుమూడవ శతాబ్దమున కట్టిన ప్రధానదేవాలయము నిలిచియున్నది. ఎదుట గ్రావీనా యను ఏఱు కోసికొనిపోయిన లోతైన లోయ. దాని యావలిగట్టున మూర్జా యను రాతిపీఠభూమి. ఆ గట్టునందలి గుహలలో పాతరాతియుగమునుండి మనుష్యులు తలదాచుకొనిరి. ఈ సంగతిని లోకమునకు తెలియజెప్పినవాడు దొమేనికో రిదోలా. ఆయన 1841లో జన్మించి 1932లో మరణించెను. వృత్తిచే వైద్యుడు, పదవిచే శాసనసభ్యుడు, అభిరుచిచే పురాతత్త్వజ్ఞుడు. గబ్బిలములగుహ యను పేరుగల గుహను, కొత్తరాతియుగపు కందకములతోడి పల్లెలను త్రవ్వించి, దొరికిన వస్తువుల నన్నిటిని దేశమునకు దానముచేసెను. ఆ దానముతో 1911లో మతేరాయందు వస్తుప్రదర్శనశాల యేర్పడెను.

ఈ గుహలు ఎలుగుబంట్లు విడిచిపోయిన కొండబిలములని భ్రమపడరాదు. మతేరా కొండ సున్నపురాతి జాతికి చెందిన మెత్తని లేతపసుపురాయి. ఊరివారు దానిని తూఫో యందురు. గొడ్డలివంటి పనిముట్టుతో దానిని దిమ్మలుగా కోయవచ్చును. గృహస్థుడు కొండలోనికి గది తొలుచును. తొలిచిన రాతిని పాఱవేయక దిమ్మలుగా మలచి, గుహకు ముందు కమానుకప్పుగల మఱియొక గదిని నిర్మించును. త్రవ్వుటయు కట్టుటయు ఒకే పని యగును. బయటినుండి రాయి తేవలసిన బండిఖర్చు లేదు. కొన్ని గుహలు లోనికి పోయినకొలది పల్లముగా నుండును. చలికాలమున సూర్యుడు ఆకాశమున పల్లముగా నడచును గనుక వెలుగు గుహ చివరివఱకు పోవుటకును, వేసవియందు ఎత్తున నుండు సూర్యుని వేడిమి వాకిటనే ఆగుటకును ఇట్లు చేసిరని ప్యెత్రో లావురేయానో యను వాస్తుశిల్పి వివరించియున్నాడు. గుహ వేసవిలో చల్లగాను, చలిలో కొంత వెచ్చగాను ఉండుట యందఱెఱిగినదే.

అంతకంటె మెచ్చుకొనదగినది నీటియేర్పాటు. ఏఱు లోయ యడుగున నున్నది. ఊరు కొండపైన నున్నది. వాన కొలదిగానే కురియును. కావున ఇంటికప్పుమీద, మెట్లమీద, బాటమీద పడిన ప్రతి చినుకును చిన్నకాలువలగుండ మళ్లించి, గంటయాకారమున తొలిచిన నేలకుండములలో చేర్చిరి. మెత్తని రాయి నీటిని పీల్చును గనుక కుండపు గోడలకు ఇటుకపొడి కలిపిన సున్నపుగార పూసిరి. సుర్ఖీ యని మన తాపీపనివారు చెప్పునది ఇట్టిదే. ఒక కుండము నిండిన పిమ్మట మిగిలిననీరు క్రిందికుండములోనికి పోవును. పట్టణపు పెద్ద కూడలికి అడుగున పలొంబారో లుంగో అను మహాకుండమొకటి కలదు. పదునాఱవ శతాబ్దమున మొదలిడి, పందొమ్మిదవ శతాబ్దమువఱకు విస్తరింపజేసిన యా కుండమున సుమారు 50 లక్షల లీటర్ల నీరు పట్టును. తరువాత గొట్టపునీరు వచ్చుటచే జనులు దానిని మఱచిరి. 1991లో దానిని మరల కనుగొనిరి. ఇప్పుడు యాత్రికులు దానిలో దిగి, దేవాలయమంత యెత్తుగల గోడలను తలయెత్తి చూచుచున్నారు.

నీరు ఇట్లు పంచుకొనువారు తక్కిన బ్రదుకును గూడ పంచుకొనిరి. కొన్ని యిండ్ల వాకిళ్లు ఒకే చిన్న ముంగిటిమీదికి తెఱచుకొనును. ఆ ముంగిటికి విచినాతో అని పేరు. పొరుగు అని దాని యర్థము. నడుమ నూతివంటి కుండపుమూతి. అక్కడనే స్త్రీలు బట్టలుదుకుదురు, నూలువడకుదురు, ఒకరిబిడ్డను ఒకరు చూచుకొందురు. ప్రతి యింట పొయ్యియున్నను రొట్టె కాల్చు పెద్దపొయ్యి వాడకంతకు ఒక్కటియే. అందఱి పిండియు ఒకే పొయ్యిలోనికి పోవును గనుక ఎవరి రొట్టె యెవరిదో తెలియుటకు ఇంటిపేరి యక్షరములు చెక్కిన కొయ్యముద్రను పచ్చిపిండిమీద ఒత్తెడివారు. అట్టి ముద్రలు నేటికిని అచ్చట కనబడును. ఆ కాపులకు భక్తియు రాతితోనే ముడిపడియుండెను. పట్టణమునందును పరిసరములయందును రాతిలో తొలిచిన చర్చిలు సుమారు 150 కలవు. గ్రీకుసంప్రదాయమువారును, లాటినుసంప్రదాయమువారును అగు మునులు వానిలో నివసించి, గోడలమీద వర్ణచిత్రములు వ్రాయించిరి.

ఇంత నేర్పుతో కట్టిన ఊరు నరకమున కుపమానమెట్లయ్యెను? దీనికి కారణము గుహలో నున్నదా, గుహవెలుపల నున్నదా యని విమర్శింపవలెను.

1663వ సంవత్సరమున మతేరా బసిలికాతా మండలమునకు ముఖ్యపట్టణమయ్యెను. అధికారులు, న్యాయవాదులు, మఠాధిపతులు వచ్చిచేరిరి. వారు కొండపైని సమతలమున మేడలు కట్టుకొనిరి. క్రింద కాపులు, పైన దొరలు అను విభాగము క్రమక్రమముగా గట్టిపడెను. 1806లో ఫ్రెంచివారి పాలనమున ముఖ్యపట్టణము పొతెన్‌త్సాకు మాఱెను. మతేరాకు ఆదాయము తగ్గెను గాని జనము తగ్గలేదు. ఆ శతాబ్దముననే దక్షిణ ఇటలీయం దంతటను జమీందారీహక్కులు రద్దై ఉమ్మడిబీళ్లు విభాగమయ్యెను. ఇటలీ యేకరాజ్యమైన పిమ్మట మఠముల భూములు వేలమునకు వచ్చెను. కాగితముమీద ఇవి గొప్ప సంస్కరణములే. వేలమున పాడుటకు ధనమున్నవారికి భూములు దక్కెను. బీటిలో మేకను మేపుకొని, పుల్లలేఱుకొని బ్రదికిన పేదవానికి ఉన్న యాధారమును పోయెను. అతడు కూలియై, తెల్లవాఱకముందే లేచి కంచరగాడిదతో మైళ్లకొలది దూరమునందలి పరులపొలమునకు నడువసాగెను.

జనము పెరిగినకొలది గదులు చాలలేదు. కుండములను ఎండగట్టి కాపురములు పెట్టిరి. పశువులకై తొలిచిన చీకటికొట్టములలో మనుష్యులు చేరిరి. విడిచిన చర్చిలును ఇండ్లయ్యెను. నీటికై చేసినది మనుష్యునకు వాసమగుటతో కాలువల కట్టుబాటంతయు చెడెను. వాననీరు చేరవలసినచోట చేరక గోడలగుండ ఊరజొచ్చెను. గుహాగృహము తన స్వభావముచేత చెడలేదు. భూమిలేనితనము దానిమీదికి తెచ్చిన బరువును మోయలేక చెడెను. ఈ వివేచనము మిగుల ముఖ్యము. ఏలయనగా, రోగము ఇంటిలో నున్నదని తలచినవాడు ఇంటిని మార్చును; రోగము భూమియందు, కూలియందు ఉన్నదని తెలిసినవాడు ఇంటితోడనే తృప్తిపడడు.

ఇరువదవ శతాబ్దారంభమున ఇటలీ ప్రధానమంత్రి జనార్దెల్లి వృద్ధాప్యమున 1902లో బసిలికాతా సీమయంతయు తిరిగి, మతేరాను గూడ చూచెను. 1904లో ఆ మండలమునకై ప్రత్యేకశాసనము పుట్టెను గాని సాస్సి బ్రదుకు పెద్దగా మాఱలేదు. 1930ల దశకమున సాస్సి నడుమ పాఱుచుండిన మురుగుకాలువలను కప్పి పైన బాట వేసిరి. బాట యందముగానే యుండెను; ఇండ్లలోని చీకటి యట్లే యుండెను.

ఆ దశకమునందే తూరిన్ నగరమునకు చెందిన వైద్యుడును చిత్రకారుడును అగు కార్లో లేవి, ఫాసిస్టు ప్రభుత్వమునకు విరోధియైనందున ఆ మండలమునకే ప్రవాసము పంపబడెను. అతనిని చూడవచ్చిన సోదరియు వైద్యురాలు. ఆమె దారిలో మతేరాను చూచి తనకు చెప్పిన వృత్తాంతమును అతడు 1945లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. ఒకేగదిలో తల్లిదండ్రులు, పెక్కుమంది బిడ్డలు, కంచరగాడిద, పంది, కోళ్లు; వాకిలితప్ప వెలుతురుకు వేఱుదారి లేదు; ట్రకోమాచేత రెప్పలు వాచిన పిల్లల కన్నులు; మలేరియాజ్వరముచే ఉబ్బిన కడుపులు. వీథిలో పిల్లలు వెంటబడి అడిగినది డబ్బు కాదు, తినుబండారము కాదు, కొయినా మందు. ఈ యొక్క సంగతి చదివినవాడు మఱవలేడు. బిచ్చమడుగు పిల్లవాడు ఔషధము నడుగుచున్నాడన్నచో ఆ యూరి జ్వరమెంతటిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

1948లో కమ్యూనిస్టునాయకుడు తొల్యాత్తి మతేరాకు వచ్చి ఆ స్థితి దేశమునకే అవమానమని పలికెను. 1950 జూలైలో ప్రధానమంత్రి దె గాస్పెరి వచ్చి చూచెను. రాజకీయములందు ఒండొరులకు శత్రువులైన యీ యిరువురును ఈ విషయమున ఏకాభిప్రాయులైరి. 1952 మే 17వ తేదీనాటి 619 సంఖ్యగల చట్టము అట్లు పుట్టెను. అప్పటికి సాస్సిలో సుమారు 15,000 మంది కాపురముండిరి. పట్టణజనులలో ఇంచుమించుగా సగము. వారిని కొత్తయిండ్లకు తరలించుట చట్టపు ముఖ్యోద్దేశము.

ఈ సందర్భమున జరిగిన యొక మంచిపనిని తప్పక చెప్పవలెను. ఇండ్లు కట్టకముందే అచ్చటి బ్రదుకును తెలిసికొనుటకై 1951లో ఒక పరిశోధకసంఘ మేర్పడెను. టైపుమిషనుల కర్మాగారమునకు అధిపతియైన అద్రియానో ఒలివెట్టి దానికి ప్రాపు. ఫ్రీడ్‌మన్ అను తత్త్వశాస్త్రోపాధ్యాయుడు అమెరికానుండి వచ్చి ఆ పరిశోధనకు నడుము కట్టెను. వైద్యుడు రొక్కో మజ్జరోనే రోగములను, మానవశాస్త్రజ్ఞుడు తుల్లియో తెంతోరి పొరుగు సంబంధములను పరిశీలించిరి. కాపు ఎప్పుడు లేచును, ఎంతదూరము నడుచును, ఇల్లాలు నీరు ఎక్కడనుండి తెచ్చును, కష్టమువచ్చినప్పుడు ఎవరిని పిలుచును అని విచారించిరి. ఈ విచారణ ఫలముగా లుదోవికో క్వారోనీ మొదలగు శిల్పులు పట్టణమునకు సుమారు 7 కిలోమీటర్ల దూరమున లా మర్తెల్లా అను కొత్తపల్లెను రచించిరి. ఇండ్లను చిన్నచిన్న గుంపులుగా కూర్చి పాత ముంగిళ్ల పొరుగును నిలుపజూచిరి. పశుశాలను మనుష్యుల గదినుండి వేఱుచేసి, ఇంటికి అంటియుండునట్లు ఏర్పఱచిరి. 1953లో దె గాస్పెరి స్వయముగా వచ్చి తొలి కాపులకు తాళపుచెవుల నిచ్చెను.

పల్లెయేర్పడినను పల్లెబ్రదుకు పూర్తిగా నిలువలేదు. కాపునకు ఇల్లు దొరికినంత త్వరగా చాలినంత భూమి దొరకలేదు. అదే కాలమున ఉత్తర ఇటలీ కర్మాగారములు, జర్మనీ, స్విట్జర్లాండు దేశములు కూలివారిని పిలుచుచుండెను. పడుచువారు పెక్కుమంది వెడలిపోయిరి. తరలింపబడినవారిలో అధికసంఖ్యాకులు లా మర్తెల్లాకు గాక సెర్రా వెనెర్ది, లనేరా, స్పీనె బ్యాంకె మొదలగు కొత్తపేటలకు పోయిరి. తరలింపు 1960ల దశకపు చివరివఱకు సాగెను.

లాభనష్టములను నిష్పక్షపాతముగా లెక్కింపవలెను. కొత్తయింటిలో కిటికీ యుండెను, కొళాయినుండి నీరు వచ్చెను, మరుగుదొడ్డి యుండెను, దీపము మీటగనే వెలిగెను. బిడ్డ పశువుల యూపిరిలో పెరుగవలసిన పనిలేదు. సాస్సిలో శిశుమరణములు దేశపు సగటుకంటె చాల హెచ్చుగా నుండెను. మెట్లమీద నీటిబరువు మోసిన స్త్రీకి కొళాయి విలువను ఒకరు బోధింపనక్కఱలేదు. ఈ లాభమును చులకనచేయువాడు తన బిడ్డ నెన్నడును చీకటిగదిలో పోగొట్టుకొననివాడు. నష్టమును గూడ చూడుడు. ముంగిలి పోయెను. ఇరుగుపొరుగులు వేర్వేరు పేటలకు చెదరిరి. బిడ్డను అప్పగించి పొలమునకు పోవుటకు పక్కింటి ముసలమ్మ లేదు; అప్పడిగిన గిద్దెడు నూనె పోయు పొరుగామె లేదు. అవమానమను మాటయు వారితోనే కొత్తపేటకు వచ్చెను. దేశమునకు అవమానమని నాయకులు చెప్పినప్పుడు వారి తాత్పర్యము పాలకుల యుపేక్షయే కావచ్చును. ఆ మాట వినినవారు మాత్రము తామే దేశమునకు మచ్చయని తలచి, తాము పుట్టిన వాడ పేరు చెప్పుటకు సిగ్గుపడిరి.

ఖాళీయైన గుహలు ప్రభుత్వపు సొత్తయ్యెను. జనులు మరల చేరకుండ వాకిళ్లకు అడ్డుగోడలు కట్టిరి. గాలిలేక, పొయ్యిసెగలేక, చూచువారులేక గుహలు కూలజొచ్చెను. దొంగలు చర్చిలలోని చిత్రములను ఒలిచికొనిపోయిరి. శతాబ్దములతరబడి నిలిచిన యిండ్లు జనము విడిచిన కొలదియేండ్లకే శిథిలమగుటచేత ఒకసంగతి తేటతెల్లమయ్యెను: ఆ రాతిని నిలిపినది అందు నివసించినవారి నిత్యపరామర్శయే.

పట్టణపు యువజనులే మొదట మేల్కొనిరి. 1959లో లా స్కలెత్తా అను సంఘమును స్థాపించి, రాతిచర్చిల నొక్కటొక్కటిగా వెదకి వివరములు వ్రాసికొనిరి. 1963లో వారు గొఱ్ఱెలకాపరులకు మాత్రమే తెలిసియుండిన యొక గుహలో ఆదాముహవ్వల కథను చిత్రించిన ప్రాచీనపు గోడను కనుగొనిరి. 1964లో పసొలీని తన క్రీస్తుచరిత్ర చలనచిత్రమునకు ఈ రాళ్లనే యెరూషలేముగా చూపెను. 1986లో 771 సంఖ్యగల చట్టము వచ్చెను. సాస్సి పునరుద్ధరణమునకు పదివేలకోట్ల లీరాలు కేటాయించి, బాగుచేసికొనువారికి గుహలను దీర్ఘకాలపు కౌలున కిచ్చిరి. ఒక చట్టము ఖాళీచేసినదానిని మఱియొక చట్టము నింపబూనెను. 1993లో యునెస్కో గౌరవము వచ్చెను. 2019లో బల్గేరియాలోని ప్లోవ్దివ్ నగరముతోపాటు మతేరాయు ఐరోపా సాంస్కృతిక రాజధానిగా నుండెను.

ఇప్పుడు ఆ మెట్లు దిగు యాత్రికుడు చూచునది మిగుల సుందరము. శుభ్రముచేసిన గుహలలో హోటళ్లు, భోజనశాలలు, చిత్రశాలలు వెలసినవి. సందె వేళ దీపములు వెలిగినప్పుడు లోయయంతయు నక్షత్రములు పోసినట్లుండును. కవెయోసో పేటలో ఒక గుహను పాత కాపురమువలె అమర్చి చూపుచున్నారు: తేమ తగులకుండ ఎత్తుగా వేసిన మంచము, దానిక్రింద కోళ్ల తావు, కుటుంబమంతయు చుట్టుకూర్చుండి ఒకే పళ్లెములో తిను చిన్నబల్ల, మూల మగ్గము, వెనుక కంచరగాడిద కట్టుచోటు. యాత్రికుడు అయిదునిమిషములు చూచి, అయ్యో యని యొకసారి, ఆహా యని యొకసారి పలికి వెడలును. ప్రక్కగుహలో ఒకరాత్రి పండుకొనుటకు అతడు చెల్లించు సొమ్ము అచ్చట పూర్వము బ్రదికిన కూలివాడు కలలోనైన చూచియుండడు. పట్టణమునకు దీనివలన జీవనోపాధి కలిగినది, అది మంచిదే. సాస్సిలో నిత్యకాపురముండువారు మాత్రము పూర్వపు సంఖ్యతో పోల్చిన కొలదిమందియే.

ఈ చరిత్రనుండి ఇద్దఱు తప్పుడు పాఠములు నేర్చుకొనవచ్చును. ప్రాచీనతామోహము గలవాడు, 'చూచితిరా, పూర్వులదే సరియైన మార్గము. సంస్కర్తలు వచ్చి పాడుచేసిరి' అనును. ఇది యసత్యము. కొయినా కొఱకు పరుగెత్తిన పిల్లలను మఱచినగాని ఈ మాట నోట రాదు. పూర్వుల నేర్పు కుండములయందును, కాలువలయందును ఉండెను. వానిని పూడ్చి మనుష్యులను కుక్కిన దారిద్ర్యము పూర్వుల నేర్పు కాదు. నవీనతామోహము గలవాడు, 'చట్టముచేసిరి, కట్టించిరి, తరలించిరి, పని ముగిసినది' అనును. ఇదియు నసత్యమే. గుహలలోనే కొన్నింటిని బాగుచేసి, కుండములను కుండములుగా విడిచి, జనసమ్మర్దమును తగ్గించి, కొళాయిని, దీపమును లోనికి తెచ్చియున్నచో, ఇష్టమున్నవారు అక్కడనే యుండగలిగియుందురు. ఇది సాధ్యమని తరువాతి హోటళ్లే ఋజువుచేసినవి. ధనవంతుడైన యాత్రికునికై గుహలోనికి నీటిగొట్టము వేయుట సాధ్యమైనప్పుడు, పేదకాపుకై వేయుట ఏల సాధ్యము కాలేదు? ఈ ప్రశ్నకు శిల్పశాస్త్రము జవాబు చెప్పలేదు, ధర్మశాస్త్రమే చెప్పవలెను.

ఇది దూరదేశపు కథయని మనము మిన్నకుండదగదు. మన పట్టణములయందును మురికివాడలను తొలగించి ఊరివెలుపల వరుసయిండ్లు కట్టించుట పెక్కుమాఱులు జరుగుచున్నది. కట్టించువారు గోడలను, కప్పును, గదులసంఖ్యను లెక్కింతురు. అది వలసినదే. ఆ యింటి యిల్లాలు పనికి ఎంతదూరము నడువవలెను, జ్వరపడిన బిడ్డను ఎవరియొద్ద విడువవలెను, అప్పుసొప్పులకు ఎవరి తలుపు తట్టవలెను అను లెక్కయు అంతే వలసినది. ఈ రెండవలెక్క తెలిసినవారు ఆ వాడలోని స్త్రీలే. వారిని గూర్చుండబెట్టి యడిగినగాని అది కాగితమున కెక్కదు. మతేరాలో ఆ పరిశోధకసంఘము అడుగుటకు పూనుకొనెను. అందువలననే లా మర్తెల్లా లోపములతోనైనను శ్రద్ధగా కట్టిన పల్లెగా నేటికిని పేరుపొందియున్నది. అడిగినంతలో సరిపోదనియు, ఇంటితోపాటు భూమియు కూలియు చూపవలెననియు కూడ ఆ పల్లెయే బోధించుచున్నది.

అవమానమను మాటను ప్రయోగించునప్పుడు సంస్కర్త మిగుల జాగరూకుడై యుండవలెను. ఒక కుటుంబము చీకటిగదిలో బ్రదుకుచున్నచో సిగ్గుపడవలసినవారు గదివెలుపల నున్నారు. లోపల నున్నవారు తమకు దొరికిన రాతిని గృహముగా చేసికొనిరి. రొట్టెమీద తమ పేరి ముద్రను వేసికొనిరి. కుండములోని నీటిని పంచుకొనిరి. వారికి మంచియిల్లు ఇచ్చుట కర్తవ్యము. ఇచ్చునప్పుడు వారు పుట్టిన యింటిని వారియెదుట నిందింపకుండుటయు ఆ కర్తవ్యములోనిదే.